పొరుగుదేశపు యాత్రలు - వైద్య బీమా

(మహాసభ రెండవనాటి సమావేశమున చేసిన ప్రసంగపాఠము)

  

విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, చేనేత సహకారసంఘముల స్థితిని గూర్చియు పెద్దలు ప్రసంగించిన పిమ్మట, నావంటి సామాన్యుడు లేచి యాత్రికుల వైద్యబీమాను గూర్చి మాటలాడుట కొందఱికి అల్పవిషయముగా తోపవచ్చును. ఆహ్వానసంఘమువారు మొదట నాకు నిర్ణయించిన విషయము “నా యాత్రానుభవములు”. వారి యనుమతితో దానిని నేనే మార్చుకొంటిని. ఏల మార్చుకొంటినో ఈ ప్రసంగము ముగియులోపల తమకు తెలియగలదు.

“కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానము” అని మన పెద్దలనెడివారు. అది వట్టి భయముచేత పుట్టిన మాట కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, 1831లో తిరిగి ఇల్లు చేరుసరికి పదునైదు మాసములు పట్టెను. పరివారము, డేరాలు, ధనము గల గొప్ప ఉద్యోగికే యట్లుండగా, ఒక మూటయు చేతికఱ్ఱయు తప్ప మఱేమియు లేని సామాన్యుని గతి యెట్టిదో ఊహించుకొనవచ్చును. దారిలో ఆకలి, దొంగలు, విషజ్వరము పొంచియుండెడివి. అందుచేతనే మన కులపెద్దలు శ్రీశైలాది క్షేత్రములయందు సత్రములు కట్టించిరి. ఎవడో యొక సాలెవాడు ఏనాడో ఆకలితో వచ్చునని, వానిని చూడకయే, వానికొఱకు ముందుగా అన్నము సిద్ధము చేసియుంచిరి. ఆపద రాకముందే దానికి విఱుగుడు సమకూర్చుటయే సత్రధర్మము. ఈ మాటను తాము జ్ఞాపకమునందుంచుకొనవలెనని ప్రార్థన.

నేడు దారి మారినది. రైలుమీద కాశికి చేరి, అయోధ్యను సేవించి, గోరఖ్‌పురము మీదుగా సునౌలీ సరిహద్దు దాటి, లుంబిని, పోఖరా, ముక్తినాథము, కాఠ్మాండూ పశుపతినాథము దర్శించి రెండు వారములలో ఇల్లు చేరుచున్నాము. ఆకలిభయము లేదు, దొంగలభయము లేదు. కాని రోగభయము మాత్రము తగ్గకపోగా పెరిగినది. పూర్వము గట్టి శరీరము గలవారే అంతదూరము నడిచి చేరగలిగెడివారు. నేడు అరువది, డెబ్బది యేండ్లు దాటి, మందుల సంచి భుజమునకు తగిలించుకొన్నవారమే ఎక్కువగా పోవుచున్నాము.

ముక్తినాథక్షేత్రము నూటయెనిమిది దివ్యదేశములలో ఒకటని శ్రీవైష్ణవుల విశ్వాసము. సాలగ్రామములకు పుట్టినిల్లయిన గండకీనది యా ప్రాంతముననే ప్రవహించుచున్నది. ఆలయము వెనుక నూటయెనిమిది ధారలనుండి మంచువంటి నీరు పడుచుండును. ఆ ధారలక్రింద తలయొగ్గి సాగిపోవుట యాత్రికులు పెద్దపుణ్యముగా భావింతురు. ఆ క్షేత్రము సముద్రమట్టమునకు సుమారు 3,700 మీటర్ల యెత్తున నున్నది. పోఖరా పట్టణము 800 మీటర్లకు కొంచె మెక్కువ. ఉదయమున పోఖరాలో విమానమెక్కినవాడు అరగంట గడవకముందే 2,700 మీటర్ల యెత్తునగల జోమ్‌సోములో దిగి, అచటినుండి జీపులో ఆనాడే ముక్తినాథము చేరుచున్నాడు. ఉదయమున మైదానపు వేడిమిలో నున్న దేహము మధ్యాహ్నమునకు గాలి పలుచనైన చోట నిలుచుచున్నది. 2,500 మీటర్లు దాటిన పిదప త్వరపడి పైకెక్కువారికి తలనొప్పి, వాంతి, ఆయాసము కలుగుననియు, కొందఱికి ఊపిరితిత్తులలోనో మెదడులోనో నీరుచేరి ప్రాణాపాయము సంభవించుననియు వైద్యశాస్త్రము చెప్పుచున్నది. దానికి ముఖ్యచికిత్స వెంటనే క్రిందికి దిగుటయే. కాని ఆ లోయలో మధ్యాహ్నముకాగానే పెనుగాలులు వీచును. అందుచేత విమానములు ఉదయముననే నడచును. మధ్యాహ్నము జబ్బుపడినవాడు తెల్లవారువఱకు వేచియుండవలసినదే, లేదా కొండదారిలో జీపుమీద దిగవలసినదే.

ఇక సరిహద్దు సంగతి. 1950వ సంవత్సరపు శాంతిమైత్రీ ఒడంబడిక మొదలు మనకును నేపాలునకును రాకపోకలు స్వేచ్ఛగా సాగుచున్నవి. భారతీయునకు వీసా అక్కఱలేదు. యూరపునందలి షెంజెన్ దేశములకు పోవలెనన్నచో 30,000 యూరోలకు తక్కువకాని వైద్యబీమా చూపనిదే వీసా ఈయరు. అచట అడుగువాడున్నాడు గనుక మనము కొనుచున్నాము. సునౌలీవద్ద అడుగువాడు లేడు గనుక మఱచుచున్నాము. ఆ ద్వారము దాటునప్పుడు పొరుగూరికి పోయినట్లే యుండును. మాటలు కొంత తెలియును, దేవుడు మనవాడే. దేశము మారినదను తలంపే మనస్సునకు తట్టదు.

కాని మన చేతిలోని కార్డులకు ఆ సంగతి తెలియును. మన రాష్ట్రమున 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ, 2018లో కేంద్రప్రభుత్వము ప్రవేశపెట్టిన ఆయుష్మాన్ భారత్, ఈ రెండును స్వదేశమున ఆ పథకములలో చేరిన ఆసుపత్రులయందే చెల్లును. 2024లో డెబ్బదియేండ్లు నిండినవారందఱికిని ఆయుష్మాన్ సౌకర్యము విస్తరించిరిగదా యని మన వృద్ధులు సంతోషించుచున్నారు. సంతోషింపవలసినదే. అయినను అది సరిహద్దు దాటదు. మన పిల్లలు కొనియిచ్చిన సాధారణ మెడిక్లెయిము పాలసీలును తఱచుగా భారతదేశమున జరిగిన చికిత్సకే వర్తించును. కొన్నిటికి విదేశచికిత్స చేర్చియుండవచ్చును, చదివి తెలిసికొనవలెను. కావున ఇంటివద్ద మూడు కార్డులు గలవాడును సరిహద్దు దాటిన మఱుక్షణమున ఏ కార్డును లేనివాడగుచున్నాడు.

ఇక నేను విషయము మార్చుకొన్న కారణము చెప్పెదను.

కొలదికాలము క్రిందట మన సంఘము తరఫున ఇరువదియేడుగురము ఈ యాత్రకే బయలుదేరితిమి. ఏర్పాట్లన్నియు నావి. బీమా కూడ చేయించితిని. అందుచేత నేను మిక్కిలి ముందుచూపు గలవాడనని నలుగురు మెచ్చుకొనిరి కూడ. ఏజెంటు తెచ్చిన కాగితములపై ప్రతివానికి ఒక ప్రశ్న యుండెను: మధుమేహము, రక్తపుపోటు, హృద్రోగము మున్నగునవి కలవా? ఒక్కొక్కరిని అడిగి వ్రాసినచో కొందఱికి వైద్యపరీక్షలు కోరుదురు, ప్రీమియము పెరుగును, రోజులు పట్టును, రైలు టిక్కెట్లు చూచిన వెనుకకు పోవుటకు వీలులేదు. నేను కలము తీసికొని ఇరువదియేడు చోట్లను “లేదు” అని వ్రాసితిని. వారు నన్ను నమ్మి సంతకములు చేసిరి.

మాలో ఒకరు నాకు వరుసకు బావగారు, అరువదియెనిమిదేండ్లవారు. వారికి అంతకు నాలుగేండ్లక్రిందట గుండెలో స్టెంటు వేసిరి. అది నాకు తెలియని విషయము కాదు. ఆసుపత్రికి పోయి వారిని చూచి వచ్చినవాడను. ముక్తినాథమున నూటయెనిమిది ధారలక్రిందను నడిచి తడిబట్టలతో నిలిచిన బావగారికి సాయంత్రమునకు ఆయాసము పట్టుకొనెను. జోమ్‌సోమునకు దింపితిమి. ఆ రాత్రి ప్రాణవాయువు సిలిండరు ప్రక్కన పెట్టుకొని కూర్చుంటిమి. తెల్లవారిన పిమ్మట హెలికాప్టరులో పోఖరాకు చేర్చితిమి. ఊపిరితిత్తులలో నీరు చేరినదనియు, పాతజబ్బునకు ఎత్తు తోడైనదనియు వైద్యులు చెప్పిరి. పదునొకండు దినములు ఆసుపత్రిలో నుండిరి. దైవకృపచేత ప్రాణము దక్కినది.

బీమా కంపెనీ చెల్లింపు నిరాకరించెను. పూర్వము స్టెంటు వేసిన సంగతి వైద్యుల కాగితములలో నుండగా, దరఖాస్తులో “లేదు” అని యున్నదని వ్రాసిరి. నేను ఫిర్యాదులు చేసితిని, పై అధికారులకు విన్నవించుకొంటిని. కాని నా చేవ్రాతయే నాకు ఎదురుసాక్ష్యమయ్యెను. బావగారి కుమారుడు మరమగ్గముల షెడ్డు తాకట్టుపెట్టెను. మనవారు చందాలు వేసికొనిరి. నేనును నాకు చేతనైనది ఇచ్చితిని. అయినను ఆ ఋణము పూర్తిగా తీరలేదు.

మా అక్కయ్య నన్ను ఒక్కమాటయు నిందింపలేదు. “తమ్ముడూ, నీవు వ్రాసితివిగదా యని మేము సంతకము చేసితిమి” అని మాత్రమనెను. బావగారు నేడు ఈ సభయందే ఆసీనులై యున్నారు. వారి యనుమతితోడనే ఈ కథ చెప్పితిని. నా తప్పిదమును సభాముఖమున ఒప్పుకొనుచున్నాను.

సోదరులారా! ఈ సంగతిలో నాకు బోధపడినది ఒకటి కలదు. ఆనాడు నేను నిజము వ్రాసియున్నచో మూడింటిలో ఒకటి జరిగియుండెడిది. కంపెనీవారు ఎక్కువ ప్రీమియము తీసికొని, పాతజబ్బునకు కూడ వర్తించు పాలసీ ఇచ్చియుందురు. లేదా, గుండెజబ్బునకు తప్ప తక్కినవానికే పూచీపడుదుమని యుందురు. లేదా, ఈయనకు పాలసీ ఈయజాలమని యుందురు. మొదటిది జరిగినచో షెడ్డు నిలిచెడిది. కడపటి రెండింటిలో ఏది జరిగినను, “బావగారూ, మీరు పోఖరాలో ఆగుడు, మేము తీర్థము తెచ్చెదము” అని చెప్పుటకు మాకు తెలివి కలిగెడిది. ఆ కాగితముమీది ప్రశ్న కంపెనీవాడు మనలను వేధించుటకు పెట్టినది కాదు. ఆ ప్రశ్న యాత్రికుడు తన్నుతాను వేసికొనవలసినది. అసలు బీమాయే లేనిచో భయముచేత నైనను బావగారిని క్రిందనే ఆపియుందుము. చేతిలో పాలసీ యున్నదను ధైర్యముతో పైకి తీసికొనిపోతిమి. అబద్ధముమీద కొన్న బీమా బీమా లేకుండుటకంటె హీనమైనది.

బీమా యనగా పరదేశపు వింతయని మనము భావింపనక్కఱలేదు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిరి. అంతకుముందునుండియే మన ఇండ్లలో పెండ్లికి చదివింపులు లేవా? నేతకూలిలోనుండి సహకారసంఘము పొదుపునిధికి కొంత మినహాయించుట లేదా? పదుగురు తలకొంచెము వేసి, ఆ పదుగురిలో ఆపదపడిన ఒక్కని నిలబెట్టుటయే బీమా. అట్టిచోట ఒకడు నిజము దాచినచో, తక్కిన తొమ్మండుగురిని మోసగించినట్లే. అందుచేతనే నిజము దాచినవానికి చెల్లింపు నిరాకరించుటకు చట్టము అవకాశమిచ్చినది.

ఇక పాలసీ కొనునప్పుడు చూడవలసినవి క్లుప్తముగా చెప్పెదను.

మొదటిది, దేశము. పాలసీ కాగితమున నేపాలు పేరైనను, నేపాలు చేరిన ప్రాంతము పేరైనను స్పష్టముగా నుండవలెను. దేశమునందలి ప్రయాణములకు ఇచ్చు పాలసీ సరిహద్దు దాటిన చెల్లదు. కైలాస మానససరోవరమునకు పోవువారు నేపాలుతోపాటు చైనాయు చేరినదో లేదో చూచుకొనవలెను.

రెండవది, కాలము. స్వదేశము విడుచుటకు ముందే కొనవలెను. సరిహద్దు దాటిన పిదప సాధారణముగా ఈయరు. కొండదారులలో చరియలు విఱిగిపడినను, విమానములు నిలిచిపోయినను దినములు పెరుగును గనుక, తిరుగుప్రయాణపు తేదీకి పైన రెండుమూడు దినములు కలుపుకొనుట మేలు.

మూడవది, ఎత్తు. అనేక పాలసీలలో ఇంత యెత్తునకు మించిన పర్వతారోహణమునకు వర్తింపదను నిబంధన యుండును. మనము పోవు క్షేత్రపు ఎత్తు చెప్పి, జవాబు వ్రాతపూర్వకముగా తీసికొనవలెను. హెలికాప్టరు వ్యయము చేరినదా, దానికి ముందుగా ఎవరి యనుమతి పొందవలెను అనునది కూడ అడుగవలెను.

నాలుగవది, పూర్వరోగములు. వీనిని గూర్చి చెప్పవలసినది చెప్పితిని.

ఐదవది, సమాచారము. జబ్బుపడిన వెంటనే పాలసీమీది సహాయకేంద్రపు టెలిఫోనునకు తెలుపవలెను. ఆ సంఖ్య యాత్రికుని జేబులోను, తోడువచ్చినవారి జేబులోను, ఇంటివద్దను ఉండవలెను. ముందుగా తెలిపినచో కంపెనీవారే ఆసుపత్రికి చెల్లించు వీలు కలుగవచ్చును. లేనిచో మనము చెల్లించి, అసలు బిల్లులు, వైద్యుల కాగితములు భద్రపఱచి తెచ్చుకొనవలెను. పాలసీమొత్తము తఱచుగా డాలర్లలో నుండును. అందులో మొదటి కొంతభాగము మనమే భరింపవలసియుండును. అదెంతయో ముందే తెలిసికొనవలెను.

ఆఱవది చెప్పుటకు నోరాడదు, అయినను చెప్పవలెను. పరదేశమున ప్రాణముపోయినచో దేహమును ఇంటికి చేర్చు వ్యయము పాలసీలో చేరినదో లేదో చూడుడు.

మోసములును కలవు. 2018లో నేపాలు ప్రభుత్వము విచారణ జరిపించగా, కొందఱు మార్గదర్శకులును, హెలికాప్టరు నడుపువారును, ఆసుపత్రులవారును కుమ్మక్కై, స్వల్పమైన అస్వస్థతకే యాత్రికులను హెలికాప్టరెక్కించి బీమా కంపెనీలకు దొంగలెక్కలు చూపిన వైనము బయటపడెను. కావున అవసరము లేనిచో ఎక్కరాదు, అవసరమైనచో సహాయకేంద్రమునకు తెలుపక ఎక్కరాదు. మన కంపెనీలు న్యాయముగా రావలసినది ఈయకున్నచో, బీమా అంబుడ్సుమను కలడు. 1999 చట్టముచే ఏర్పడిన బీమా నియంత్రణ సంస్థ ప్రధానకార్యాలయము హైదరాబాదుననే యున్నది. కాని ఆ తలుపులు తట్టుటకు మన చేతులు శుభ్రముగా నుండవలెనని నా యనుభవము.

మఱియొకమాట. అమెరికాలోని బిడ్డలయొద్దకు పోవు తలిదండ్రులు ఒకటి రెండు దినములకై నయాగరా ఆవలియొడ్డునగల కెనడాకు పోవుచున్నారు. అచట స్థిరపడిన మన వృద్ధులకు గల మెడికేరు సాధారణముగా ఆ దేశము వెలుపల చెల్లదు. చూడబోవువారి బీమాకును దాని యెల్లలు దానికుండును. సునౌలీ న్యాయమే అచ్చటను. ప్రయాణము ఎంత కురుచయైనను సరిహద్దు సరిహద్దే. జబ్బు దినములు లెక్కించుకొని రాదు.

“బయలుదేరునప్పుడు అశుభపుమాట లేల?” అని కొందఱందురు. ఇంటికి తాళము వేయునప్పుడు దొంగను తలచుకొనుట అశుభమా? “దేవుని సన్నిధికి పోవువారికి బీమా యేల?” అని మఱికొందఱందురు. దేవుని సన్నిధిలోనే మన పెద్దలు సత్రము కట్టిరి. దేవుడే అన్నము పెట్టునని ఊరకుండలేదు.

కావున ఈ మహాసభవారు నాలుగు నియమములు పరిశీలింపవలెనని ప్రార్థించుచున్నాను. మన సంఘము పేర సరిహద్దు దాటు ఏ యాత్రయందైనను వైద్యబీమా లేనివారిని చేర్చుకొనరాదు, ప్రీమియము యాత్రారుసుములోనే కలిపివేయవలెను. ప్రతి యాత్రికుడును తన ఇంటివారి సమక్షమున తన దరఖాస్తు తానే నింపవలెను, నిర్వాహకుడు ఎవరి తరఫునను “లేదు” అని వ్రాయరాదు. బయలుదేరుటకు ఒక మాసము ముందు మన కులమునందలి వైద్యులు యాత్రికులందఱిని ఉచితముగా పరీక్షింపవలెను. ఎత్తైన క్షేత్రములకు ఒక్కనాడే ఎక్కింపక, దారిలో రాత్రులు నిలిపి, దేహము అలవాటుపడిన పిదప తీసికొనిపోవలెను. బీమా డబ్బునిచ్చునే గాని ఊపిరినీయదు.

దాతలారా! సత్రమున గది కట్టించి పాలరాతిమీద పేరు చెక్కించిన పుణ్యాత్ముల సంతతివారు మీరు. జీవితమంతయు మగ్గము గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న ముసలివాడొకడు, భర్తపోయి బిడ్డలమీద ఆధారపడిన ముసలమ్మ యొకతె, చచ్చులోపల ఒక్కసారి ముక్తినాథుని చూడవలెనని పైసపైస కూడబెట్టుకొందురు. వారికి ప్రీమియము భారమగును. ఆ మొత్తము యాత్రావ్యయములో స్వల్పభాగమే. వారి పేర దానిని మీరు చెల్లించినచో, పాలరాయి యుండదు, మీ పేరు ఎవరును చదువరు. కాని సత్రము కట్టించినంత పుణ్యము.

మనము మార్కండేయ మహర్షి సంతతివారమని చెప్పుకొందుము. పదునాఱేండ్ల ఆయువు మాత్రమే కలదని తెలిసిన ఆ బాలుడు ఆ నిజమును దాచుకొనలేదు. తెలిసియే శివుని ఆశ్రయించెను. మనమును మన దేహస్థితి తెలిసికొని, దాచక చెప్పి, ఆ పిమ్మటనే అడుగు ముందుకు వేయుదము.



స్వస్తి.